పన్నెండో ట్యూబు

ఎనిమిదేళ్ళ కిందట జూన్ నెలలో, విజయవాడలో భూగర్భ జలాల సర్వేలు చేసే ఒక ప్రైవేటు ఆఫీసులో అసిస్టెంట్ జియాలజిస్టుగా చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. అక్టోబరులో మొదటిసారి ఒక బోరు బాధ్యత పూర్తిగా నాకు అప్పగించారు. కంకిపాడు దాటి లోపలికి వెళితే రేవుపాడు అనే ఊరు వస్తుంది. అక్కడి హైస్కూలు వెనక ఖాళీ స్థలంలో ముప్పై మీటర్ల లోతుకు తవ్వి, మట్టి పొరలను ఒక్కొక్కటిగా గుర్తించి, పేరు పెట్టి, వయసు కట్టించడం నా పని.

ఇలాంటి జ్ఞాపకాలు రాసేవాళ్ళు సాధారణంగా ముప్పై ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్ళు. నేను పనిచేసింది నాలుగేళ్ళే. పాప పుట్టాక మానేశాను. దానికి ఆయాసం ఉంది. ఇప్పుడు నిద్రపోతోంది కాబట్టి రాస్తున్నాను, మధ్యమధ్య లేచి వెళ్ళి ఊపిరి చూసి వస్తున్నాను. నాలుగేళ్ళలో నేను వేయించిన బోర్లు పదకొండు. పది గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పవలసింది రేవుపాడు బోరు గురించి.

బోరు అంటే మన వైపు అందరికీ నీళ్ళ బోరే గుర్తొస్తుంది. మా బోరు నీళ్ళ కోసం కాదు. డెల్టాలో కొన్నిచోట్ల ఇరవై మీటర్ల లోతులో మంచినీళ్ళు పడతాయి, పక్క ఊళ్ళో అదే లోతులో ఉప్పునీళ్ళు వస్తాయి. ఎందుకంటే కొన్ని వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పుడున్నచోట లేదు. లోపలికి వచ్చింది, మళ్ళీ వెనక్కు పోయింది. వచ్చినప్పుడు గుల్లలున్న బూడిదరంగు బంకమట్టి పరిచింది. ఒడ్డున మడ అడవులు పెరిగినచోట ఆకులు, వేళ్ళు కుళ్ళి నల్లటి మెత్తటి మట్టి ఏర్పడింది. దాన్ని మేము మడమట్టి అనేవాళ్ళం. నది తెచ్చిన ఇసుకలో మంచినీరు నిలుస్తుంది. ఏ పొర ఎంత లోతులో ఉందో, ఏది ముందు ఏది తర్వాతో తెలిస్తే, తాగునీటి బోరు ఎక్కడ ఆపాలో చెప్పవచ్చు. ఇదంతా ఇంకా రాయి కాలేదు, కావడానికి చాలా కాలం పడుతుంది. అయినా మేము పాటించే నియమాలు రాతి పొరలకు పాటించేవే.

పేరు పెట్టడానికి పద్ధతి ఉంది. పొర ఎక్కడ స్పష్టంగా, పైఅంచూ కింది అంచూ రెండూ తెలిసేలా కనిపించిందో ఆ ఊరి పేరు పెట్టి, దాని తర్వాత అది ఏ మట్టో చేర్చాలి. మనుషుల పేర్లు పెట్టకూడదు. వయసు కట్టడానికి మడమట్టినో గుల్లలనో రేడియోకార్బన్ పరీక్షకు పంపుతాము. ఒకప్పుడు బతికిన ప్రతిదానిలోనూ ఉండే ఒక రకం కార్బన్, అది చచ్చిన నాటి నుంచి లెక్కప్రకారం తరుగుతూ వస్తుంది. మిగిలినదాన్ని కొలిచి వయసు చెబుతారు. కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. మా చదువులో మొదటి పాఠం అదే. అయితే దానికి ముందు తెలియవలసినది ఇంకొకటి ఉంది: ఏది పైన, ఏది కింద.

మా డ్రిల్లర్ సాంబయ్య గారు. అప్పటికే యాభై దాటి ఉంటాయి. నాగాయలంక వైపు చేపలు పట్టే కుటుంబం. తండ్రి పడవ అమ్ముకున్నాక బోర్ల పనిలోకి వచ్చి, పాతికేళ్ళకు పైగా పొలాల్లో పంపు బోర్లు వేశాడు. మట్టిని చెదరకుండా, ఉన్నదున్నట్టు ట్యూబులో పైకి తీసే పని నేర్చుకుని అప్పటికి రెండేళ్ళే. దాన్ని కోరు తీయడం అంటారు. పంపు బోర్లు వేసేవాళ్ళు జిల్లా నిండా ఉన్నారు, కోరు తీసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. తనను ఎవరైనా బోరు మేస్త్రీ అంటే "కోర్ డ్రిల్లర్ అనండి" అని దిద్దేవాడు. ఆయనకు కుడిభుజం బావమరిది కోటయ్య. నోటికి తాళం లేని మనిషి.

ఒక్కో ట్యూబు మీటరు పొడవు. పైకి తీశాక రెండు వైపులా మూతలు బిగిస్తారు. పై కొసకు ఎర్ర మూత, కింది కొసకు నల్ల మూత పెట్టాలని నియమం. మాకు సరఫరా అయినవన్నీ తెల్ల మూతలే. తడిసిన ప్లాస్టిక్ మీద మార్కరు పట్టదు. అందుకని సాంబయ్య గారు ఒక ఉపాయం కనిపెట్టాడు. గ్రీజులో కుంకుమ కలిపి డబ్బాలో పెట్టుకుని, ట్యూబు పైకి రాగానే పై కొస మీద బొటనవేలితో బొట్టు పెట్టేవాడు. "తలకే కదండీ బొట్టు" అనేవాడు. మొదటిసారి చూసినప్పుడు నేను అది పూజ అనుకున్నాను. యంత్రానికి నిమ్మకాయ కట్టినట్టే ఇదీ ఒకటని మనసులో నవ్వుకున్నాను కూడా.

బొట్టు ఆయన పెట్టినా, తర్వాతి పని జియాలజిస్టుది. ట్యూబు తుడిచి, ఆరబెట్టి, బొట్టు ఉన్న వైపుకు బాణం గీసి, నంబరు, లోతు రాసి, సంతకం చేయాలి. ఆ తర్వాతే బొట్టు తుడవాలి. తుడవడం ఎందుకంటే గ్రీజు ముడిచమురు నుంచి వచ్చేది. అందులో ఆ రకం కార్బన్ ఎప్పుడో పోయి ఉంటుంది. పరీక్షకు పంపే మట్టికి అది కాస్త అంటినా వయసు లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. తుడిచే కిరసనాయిలూ అలాంటిదే, కాకపోతే అది ఆరిపోతుంది.

ఆ రోజు మధ్యాహ్నానికి పద్నాలుగు ట్యూబులు వచ్చాయి. మొదటి ఎనిమిదింటికి బాణాలు గీయడం అయింది. తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు ఆరు ట్యూబులు టార్పాలిన్ మీద వరసగా ఉన్నాయి. ఆకాశం నల్లబడింది. త్వరగా కానిద్దామని సాంబయ్య గారి దగ్గర కిరసనాయిలు గుడ్డ అడిగి తీసుకుని, ఆరింటి మీదా బొట్లు ముందే తుడిచేశాను. వరసలో ఉన్నాయి కదా, తలలన్నీ బడి వైపే కదా, తర్వాత గీయవచ్చు అనుకున్నాను. పెన్ను తీసేలోపే వాన దిగింది. ముగ్గురమూ ట్యూబులు చంకన పెట్టుకుని బడి వరండాలోకి పరిగెత్తాము. రెండు నేను తెచ్చాను, మిగతావి వాళ్ళు.

వరండాలో నేల మీద పెట్టుకుని బాణాలు గీశాను. సాంబయ్య గారు తల తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"తల ఎటో చూసుకుని గీస్తున్నారా అమ్మా?"

"చూసే గీస్తున్నాను" అన్నాను, తలెత్తకుండా.

"మేడం గారు మెడిసిన్ తప్పి ఇటొచ్చారేమో బావా, ఆపరేషన్ చేసినట్టు గీస్తున్నారు" అన్నాడు కోటయ్య. అందరం నవ్వుకున్నాము. ఆ ఆరింటిలో ఏది ఎటు పెట్టానో అప్పటికే నాకు రూఢిగా తెలియదు. తెలియదు అని రాయడానికి లాగ్ షీటులో చోటు ఉంది. 'రిమార్కులు' అనే గడి. దాన్ని ఖాళీగా వదిలేశాను.

వారం తర్వాత ఆఫీసులో ట్యూబులు నిలువునా కోశాము. ఒక సగం నమూనాలకు, ఒక సగం దాచిపెట్టడానికి. పదకొండో ట్యూబు వరకు గుల్లలున్న బంకమట్టి. పన్నెండో దానిలో సగం దూరం మడమట్టి, ఆ కింద మళ్ళీ గుల్లల బంకమట్టి. పదమూడులో మళ్ళీ మడమట్టి. అంటే ఇక్కడ ఒడ్డున అడవి ఉండేది, సముద్రం వచ్చి ముంచింది, వెనక్కు తగ్గింది, అడవి మళ్ళీ పెరిగింది, సముద్రం మళ్ళీ వచ్చింది. అంతకుముందు మా ఆఫీసు వేసిన మూడు బోర్లలో ఇలా రెండుసార్లు రాలేదు.

మా చీఫ్ జియాలజిస్టు రామ్మోహనరావు గారు సులభంగా మెచ్చుకునే మనిషి కాదు. ఆయన భూతద్దం పెట్టుకుని పది నిమిషాలు చూసి, "బాగుందమ్మా. పేరు నువ్వే ప్రతిపాదించు" అన్నారు. రెండు మడమట్టుల నడుమనున్న ఆ అరమీటరు పొరకు 'రేవుపాడు బంకమట్టి' అని రాసిచ్చాను. తర్వాతి వారం మాకు పని ఇచ్చిన ప్రభుత్వ శాఖవాళ్ళ ముందు ఆయన ఆ పేరు చెప్పి, నన్ను లేచి నిలబడమన్నారు. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. భూమిలో ఒక పొరకు నేను పేరు పెట్టానని.

వయసులు నవంబరు చివర వచ్చాయి. పై మడమట్టి, దాని కింద ఉన్న బంకమట్టి కంటే దాదాపు వెయ్యేళ్ళు పాతది. పైది పాతది, కిందిది కొత్తది. అలా ఉండకూడదు.

చీఫ్ గారు ఊళ్ళో లేరు. రెండు రోజుల్లో వస్తారు. నేను దాచిన సగాన్ని బయటకు తీసి బల్ల మీద పెట్టాను. రెండు సంగతులు కనిపించాయి. పై మడమట్టి పైఅంచు, కొత్త పొర కింది అంచు సరిగ్గా ట్యూబు మొదలైనచోట, ముగిసినచోటే ఉన్నాయి. భూమికి మా ట్యూబు ఎక్కడ ముగుస్తుందో తెలియదు కదా. రెండోది, మడమట్టిలో ఉన్న సన్నటి వేళ్ళు పైకి పోతూ చీలుతున్నాయి.

అదే రోజు సాంబయ్య గారు ఖాళీ పెట్టెలు దించడానికి ఆఫీసుకు వచ్చాడు. బల్ల దగ్గర ఆగి వంగి చూశాడు.

"ఇదేంటమ్మా, వేరు పైకి పోతోంది?"

"మడ చెట్టుకు ఊపిరి వేళ్ళుంటాయి కదండీ. అవి పైకే లేస్తాయి" అన్నాను. చదివిన సంగతే. అప్పటికప్పుడు దొరికింది.

ఆయన నవ్వాడు. ఎగతాళిగా కాదు. "ఊపిరి వేరు పెన్సిలు లాగుంటదమ్మా. నిట్టనిలువున లేస్తది, చీలదు. చిన్నప్పుడు వాటి మీద కాలేసి ఎన్నిసార్లు చీరుకున్నానో. ఇలా పాయలు పాయలుగా చీలేది లోపలికి దిగే వేరు." గొంతు తగ్గించి అన్నాడు: "ఆ రోజు వానలో తిరగబడుంటది. అవుతుంటయ్యమ్మా. సారుకి చెప్పేయండి, తిప్పి పెట్టుకుంటారు. అంతేగా."

అంతే. ట్యూబు తిప్పి పెడితే గుల్లల బంకమట్టి పైన, మడమట్టి కింద. సముద్రం ఒక్కసారే వచ్చింది. రేవుపాడు బంకమట్టి అనే పొర లేదు. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఆ రెండు రోజులూ నేను ఆ వాక్యాన్ని రకరకాలుగా అనుకుంటూ గడిపాను. ప్రొబేషన్ ఇంకో మూడు వారాల్లో ముగుస్తుంది. శాఖవాళ్ళ ముందు లేచి నిలబడ్డాను. అమ్మ అప్పటికే చుట్టాలందరికీ చెప్పింది.

చీఫ్ గారు వచ్చాక పిలిచారు. డ్రాఫ్ట్స్‌మన్, ఇంకో ఇద్దరు గదిలో ఉన్నారు. వయసులు తలకిందులు కావడానికి ఆయన మూడు కారణాలు చెప్పారు. నది ఎక్కడినుంచో పాత మట్టిని కొట్టుకొచ్చి పైన వేసి ఉండాలి. నమూనాకు ఏదో అంటి ఉండాలి. లేదా ట్యూబు తిరగబడి ఉండాలి. "మూడోదే అని నా అనుమానం. తిరగబడితే ఎవరి దగ్గర తిరగబడింది?" అని అడిగారు.

నేను చెప్పిన మాటలు ఇప్పటికీ అదే వరసలో గుర్తున్నాయి. "డ్రిల్లర్ దగ్గరే అయ్యుంటుంది సార్. వాళ్ళు మార్కరు వాడరు, బొట్టు పెడతారు. ఆ రోజు వానకు అది చెరిగిపోయింది."

మొదటి వాక్యం అబద్ధం. రెండోది నిజమే, కానీ మార్కరు వాడవలసింది వాళ్ళు కాదు, నేను. మూడోది అబద్ధం. గ్రీజు వానకు చెరగదు. ఆ గదిలో అందరూ చదువుకున్నవాళ్ళే. ఒక్కరూ ఆ మాట అడగలేదు.

సాంబయ్య గారిని పిలిపించారు. నేను అక్కడే ఉన్నాను.

"ఏంటయ్యా సాంబయ్యా, బోరు వేశావా, కోరుకు పెళ్ళి చేశావా? బొట్టు పెట్టావంట!"

డ్రాఫ్ట్స్‌మన్ గట్టిగా నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. అబద్ధం చెప్పినందుకు ఎంత సిగ్గుపడ్డానో, ఆ నవ్వుకు అంతకంటే ఎక్కువ సిగ్గుపడుతున్నాను. అబద్ధం భయంతో చెప్పాను. నవ్వవలసిన అవసరం నాకేమీ లేదు.

"తల గుర్తుకని పెడతానండి" అన్నాడాయన.

"వానొస్తే ఏంటి గతి?"

ఆయన నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, ఎక్కువసేపు కాదు. తర్వాత చీఫ్ గారి వైపు తిరిగి, "పొరపాటయిందండి. ఈసారి ఇంకేదన్నా చూస్తానండి" అన్నాడు.

ఈసారి అంటే వచ్చే వేసవిలో మొదలయ్యే లోతైన బోర్లు. వంద మీటర్లవి. అవి తనకే వస్తాయని ఆయన ఆశ. దానికోసం పాత యంత్రానికి కొత్త గేరుబాక్సు కూడా వేయించాడని కోటయ్య అంతకుముందే చెప్పాడు.

రిపోర్టులో రేవుపాడు బంకమట్టిని ఉపసంహరించాము. కోరు ఎందుకు తిరగబడిందో అనుబంధంలో ఒక్క వాక్యంలో రాశారు: డ్రిల్లర్ కోరు దిశను సరిగా గుర్తించకపోవడం వల్ల. కింద తయారుచేసినవారు అన్నచోట నా సంతకం ఉంది. లోతైన బోర్ల పని వేరే ఊరి ఏజెన్సీకి పోయింది. డిసెంబరులో నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత మూడేళ్ళకు పైగా పనిచేశాను. బాణం గీయకుండా ఏ ట్యూబు గుర్తునూ తుడవలేదు. జాగ్రత్తగల మనిషినని పేరు వచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర లేదు.

పోయిన మార్చిలో పాపకు జ్వరం వచ్చింది. మందు రెండుసార్లు పడిందని తెలిసి, "మీరే వేశారు కదూ" అని మా అత్తగారి మీద అరిచాను. సాయంత్రానికి నాకే గుర్తొచ్చింది, మొదటిసారి వేసి రాసుకోవడం మరిచింది నేనే. ఆవిడకు చెప్పాను. చెప్పడానికి గంట పట్టింది.

ఆ తర్వాత ఏప్రిల్‌లో పోరంకిలో మేముండే అపార్ట్‌మెంటు బోరు ఎండిపోయింది. కొత్తది వేయించడానికి యంత్రం వచ్చింది. ఒకటే దుమ్ము, చప్పుడు. పాపను లోపల గదిలో పెట్టి, కిటికీలన్నీ మూసి, ఇంకా ఎంతసేపో అడుగుదామని కిందికి దిగాను. యంత్రం పక్కన సాంబయ్య గారు, కోటయ్య.

"మేడంగారా! ఇక్కడే ఉంటన్నారా?" అన్నాడు సాంబయ్య గారు. జుట్టు పూర్తిగా నెరిసింది.

"బావా, జాగర్త. ఈ మేడం గారి ఇలాకాలో బోరు తలకిందులుగా దిగుద్ది" అన్నాడు కోటయ్య.

"నువ్వు నోర్ముయ్యరా."

టీ తెచ్చి ఇచ్చాను. గోడ పక్కన నీడలో కూర్చున్నారు. నేను నిలబడే చెప్పాను. ఆ రోజు బొట్లు తుడిచింది నేనేనని, సారు దగ్గర అబద్ధం చెప్పానని.

"తెలుసు కదమ్మా. కిరసనాయిలు గుడ్డ ఇచ్చింది నేనేగా."

"మరి ఆ రోజు సారుకు ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు చెప్తారనుకున్నా" అన్నాడు.

కోటయ్య గ్లాసు కింద పెట్టాడు. "నాకొకటి చెప్పండి మేడం. గ్రీజు వానకి కడుక్కుపోద్దని ఏ క్లాసులో చెప్తారు?"

క్షమించమన్నాను. సాంబయ్య గారు ఆ మాట పక్కకు తోసేశాడు. ఆయనకు కావలసింది అది కాదు. కోరు పని ఎక్కడ పడినా పాత రిపోర్టు తీసి చూస్తున్నారట. బెజవాడ ఆఫీసుల్లో ఆయనకు 'బొట్టు సాంబయ్య' అని పేరు పడిపోయిందట. ఏడేళ్ళుగా పంపు బోర్లే. "మాటలు నాకెందుకమ్మా. జరిగింది ఒక కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తారా? మీకిబ్బంది అయితే వద్దులెండి."

రేపు ఇస్తానన్నాను. ఇబ్బంది ఉంది. పాప బడిలో చేరాక మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలని నా ఉద్దేశం. ఈ ఊళ్ళో మా పని చేసే ఆఫీసులు నాలుగైదు, అందరూ అందరికీ తెలుసు. సంతకంతో అలాంటి కాగితం బయటికి వెళితే నన్ను ఎవరు పిలుస్తారు? మా ఆయనను అడిగితే, "ఇవ్వాలనుకుంటే ఇవ్వు, నన్నడిగి మాత్రం ఇవ్వకు" అన్నారు. మర్నాడు పొద్దున కాగితం రాశాను. ఎనిమిది పంక్తులు, చక్కటి చేతిరాత. యంత్రం సర్దేస్తుంటే తీసుకెళ్ళి ఇచ్చాను.

సాంబయ్య గారికి కళ్ళజోడు దగ్గర లేదు. కోటయ్య పైకి చదివాడు. 'ఆకస్మిక వర్షం కారణంగా ఏర్పడిన గందరగోళంలో, బాణాలు గీయకముందే ట్యూబుల మీది గుర్తులు పోయాయి' అన్నచోట ఆగాడు.

"పోయాయంటే? కాకెత్తుకుపోయిందా?"

కాగితం నా వైపు తిప్పి చూపించాడు.

"ఎవరు తుడిచారో లేదు ఇందులో. సారుతో ఎవరేం చెప్పారో లేదు. దీంట్లో తప్పు వానది. ఇది మేం ఎవరికి చూపించుకోవాలి మేడం, వాతావరణ కేంద్రానికా?"

"కోటీ" అన్నాడు సాంబయ్య గారు. కానీ ఈసారి నోర్ముయ్యమనలేదు.

వాచ్‌మన్ గదిలో తెల్లకాగితం ఉంటే అడిగి తీసుకున్నాను. యంత్రం బండి మడ్‌గార్డు మీద పెట్టుకుని మళ్ళీ రాశాను. తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు ట్యూబుల మీద డ్రిల్లర్ పెట్టిన గుర్తులను, నియమానికి విరుద్ధంగా, బాణాలు గీయకముందే నేను తుడిచాను. పన్నెండో ట్యూబుకు బాణం తప్పు దిశలో గీసింది నేను. ఆ సంగతి తెలిసిన తర్వాత కూడా చీఫ్ జియాలజిస్టుకు డ్రిల్లర్ పొరపాటు అని అబద్ధం చెప్పాను. రిపోర్టు అనుబంధంలోని వాక్యం తప్పు. మొదటి కాగితంలో ఎనిమిది పంక్తులు పట్టింది, ఇది నాలుగింటిలో అయిపోయింది. పైనుంచి మా అత్తగారు పాప ఏడుస్తోందని కేకేశారు. వస్తున్నానని చెప్పి, సంతకం పెట్టి, ఫోన్ నంబరు రాశాను.

కోటయ్య మళ్ళీ చదివి, మడిచి, బావ చొక్కా జేబులో పెట్టాడు. ఎక్కిరిస్తే బాగుండుననిపించింది.

అదే కాగితం నకలు పాత ఆఫీసుకు పోస్టులో పంపాను. రామ్మోహనరావు గారు రిటైరయ్యారు. ముగిసిన రిపోర్టును మార్చడం కుదరదని, మీ లేఖను ఫైలులో చేర్చామని జవాబు వచ్చింది. సాంబయ్య గారు కాగితం జిరాక్సులు తీయించుకుని రెండు ఆఫీసులకు వెళ్ళాడు. ఒకచోట చదివి, చూస్తామన్నారు, చూడలేదు. రెండోచోట పరీక్షగా ఒక చిన్న బోరు ఇచ్చారు, ఇరవై మీటర్లది. తర్వాత పని ఇస్తారో లేదో ఆయనకు ఇంకా తెలియదు. నాకు ఏ ఆఫీసు నుంచీ పిలుపు రాలేదు. అది ఈ కాగితం వల్లనో, నాలుగేళ్ళ విరామం వల్లనో చెప్పలేను.

మా వృత్తిలో ఒక పొర పేరు రద్దు చేయడానికి కూడా పద్ధతి ఉంది. ఎందుకు రద్దు చేస్తున్నామో రాయాలి, ఆధారం చూపాలి, ఎవరు తేల్చారో పేరు ఉండాలి. అరమీటరు బంకమట్టికి, అదీ అసలు లేని బంకమట్టికి, మేము ఇదంతా చేశాము. రెండు పేజీలు, ఒక బొమ్మ, మూడు సంతకాలు. సాంబయ్య గారి పనితనాన్ని రద్దు చేయడానికి నా నోటిమాట సరిపోయింది. దానికి ఆధారం ఎవరూ అడగలేదు, నేను జియాలజిస్టును కాబట్టి. మన మాటను ఎవరూ ప్రశ్నించని చోట, దానికి ఆధారం మనల్ని మనమే అడగాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే. దాని ఖర్చు వేరొకరు భరించారు.